మూడుదార్ల కాడ నల్ల గౌను

ఫిబ్రవరి చివరి ఆదివారం ఉదయం ఎనిమిది గంటల వేళ, బత్తలపల్లెకు పోయే రోడ్డు మీద మూడు దార్లు కలిసే చోట ఒక నల్ల గౌను నేల మీద పరిచి ఉంది. దాన్ని తీయడానికి ఎవరూ ముందుకు రాలేదు. దాన్ని కుట్టిన ఇంద్రాణికి కూడా చెయ్యి రాలేదు.

ఇంద్రాణి అనంతపురంలో ఫ్యాషన్ డిజైనింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. చివరి ప్రాజెక్టుకు ఆమె తీసుకున్న విషయం చేతబడి. మొదట ఫోనులో చూసి, చీపురు మీద ఎగిరే ముసలామెను కుట్టింది. గైడు మేడం చూసి, "మీ ఊళ్ళో మంత్రగత్తెలు చీపురెక్కి తిరుగుతారా?" అని అడిగింది. ఇంద్రాణి ఆ కుట్టంతా విప్పేసింది. ఈసారి నల్ల గుడ్డ మీద గొలుసు కుట్టుతో నిమ్మకాయలు, ముడి కుట్టుతో ఉప్పురాళ్ళు, అంచు చుట్టూ అద్దాలు పెట్టి కండ్లు కుట్టింది. నడుమన సూదులు గుచ్చిన బొమ్మ. నాలుగు నెలలు పట్టింది. రిపోర్టు మొదటి పేజీలో ఇలా రాసింది: "భయం ఒక కుట్టు. విప్పితే దారమే మిగులుతుంది." ఆ వాక్యం తనకే ఎంత నచ్చిందంటే, వాట్సాప్‌లో తన పేరు కింద కూడా పెట్టుకుంది.

సోమవారం పరీక్ష. గౌను, దాన్ని ఊళ్ళో పెట్టి తీసిన ఫోటోలు రెండూ చూపించాలి. లేకుంటే ఇంకో ఏడాది ఆగాలి. అందుకే శనివారం హాస్టల్ స్నేహితురాలు హేమను వెంటబెట్టుకొని సొంతూరికి వచ్చింది. గౌను మాత్రం తల్లి పుష్పావతికి చూపించలేదు. "ఏం కుట్టినావే?" అని తల్లి అడిగితే, "పెండ్లిండ్లకు తొడిగే గౌనులేమ్మా" అని సంచి మూతి కట్టేసింది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఊరి మొదట్లోని మూడుదార్ల దగ్గర గౌను పరిచి, చుట్టూ పసుపు చల్లి, నిమ్మకాయలు పెట్టారు. నాలుగు ఫోటోలు తీసేసరికి హేమ ఫోను చార్జింగ్ అయిపోయింది. మలుపు అవతలి హోటల్లో చార్జింగ్ పెట్టి, ఉగ్గాని తిని వద్దామంది హేమ.

"మరి గౌను?" అని మళ్ళీ తనే అడిగింది.

"ఈ ఊళ్ళో దాన్ని ఎవురు ముట్టుకుంటారు మే?" అంది ఇంద్రాణి. నవ్వింది కూడా. ఆ రోజు ఆమె అన్న మాటల్లో తేలిగ్గా రుజువైంది అదొక్కటే.

తిరిగి వచ్చేసరికి గౌనుకు ఈ పక్క ఒక ట్రాక్టర్, ఆ పక్క ఒక ఆటో ఆగి ఉన్నాయి. ట్రాక్టర్ నిండా గోవిందప్ప టమోటా బాక్సులు. తిప్పేష్ ఆటోలో కూలికి పోయే ఆడవాళ్ళు.

"దాటించప్పా, నువ్వు చిన్న వయసోడివి," అంటున్నాడు గోవిందప్ప.

"నువ్వే దాటించు మామా. నీది పెద్ద టైరు," అంటున్నాడు తిప్పేష్.

ఇంద్రాణి ముందుకు పోయింది. "భయపడాకండి. అది నాదే. నేనే పెట్టినా."

అందరూ ఊపిరి పీల్చుకుంటారనుకుంది. ఆటోలో ఆడవాళ్ళు కొంగులు దగ్గరికి లాక్కున్నారు.

"నువ్వు పుష్పక్క కూతురివి కదే? ఎవురికి పెట్టినావు?" అని ఒకామె అడిగింది.

"ఎవురికీ కాదక్కా. చదువుకు."

"దీనికి గూడా చదువు వచ్చిందా ఇప్పుడు?"

ఇంద్రాణి గౌను తీయబోయి వంగింది. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. బొమ్మ మీద తాను పెట్టనిది ఒకటి ఉంది. కుంకుమ కలిపిన అన్నం ముద్ద, దానిలో బొగ్గు, పక్కన కోసిన నిమ్మకాయ. ముద్దకు చుట్టిన వెంట్రుకలు.

"మనం వెంట్రుకలు పెట్టలేదు కదా మే?"

హేమ దూరం నుంచే వంగి చూసింది. "లేదు. కొసలు ఎర్రగా ఉండాయి చూడు."

ఆ ఊళ్ళో జుట్టు కొసలకు ఎర్ర రంగు వేయించుకున్నది ఇంద్రాణి ఒక్కతే.

ఆమె రోడ్డు పక్కన చతికిలబడింది. నోరు ఎండిపోయింది. ప్రాజెక్టు కోసం ఎంతోమందిని కలిసి, భయపడితే నోరు ఎండుతుందని వాళ్ళు చెబితే, 'మూఢనమ్మకం' అని రాసుకున్నది ఆమే. తనకు చేతబడి చేసేంత పగ ఎవరికి ఉంటుందా అని ఆలోచించింది. ఒక్క పేరూ తట్టలేదు. తానంత ముఖ్యమైన మనిషి కాదని తెలిసి, ఆ భయంలోనే కాస్త చిన్నబుచ్చుకుంది కూడా.

గోవిందప్ప ట్రాక్టర్ మీంచి డీజిల్ క్యాన్ దించాడు. "అంటిస్తే సరి. దోవ తెరుచుకుంటాది."

"వద్దు మామా! రేపు నాకు పరీక్ష!"

"పరీక్ష యాడికి పోతాదిలే. పాణం ముఖ్యం."

అరుపులు విని పుష్పావతి వచ్చింది. ఏడుస్తున్న కూతురిని చూసి ఏమైందని అడిగింది.

"ఎవురో నాకు చేసినారమ్మా. నా వెంట్రుకలు పెట్టి చేసినారు."

పుష్పావతి ముద్ద వైపు చూసింది. "ఎవురో ఏందే? నేనే పడేసినా."

తెల్లవారుజామున కూతురు నిద్రలో ఉండగా, పరీక్షకు పోయే బిడ్డ కదా అని పుష్పావతి దిష్టి తీసింది. వెంట్రుకలు దువ్వెనలోవి. పశువుల పాలు పితికే పని అయ్యాక, ఆ ముద్ద తెచ్చి మూడుదార్లలో వేసి, వెనక్కి చూడకుండా ఇంటికి పోయింది.

"ఎవురో మహాతల్లి అప్పటికే పెద్దది పెట్టిపోయింది, దగ్గరికి పోతే నాకు తగులుకుంటాదని బెదిరి ఆమడ నుంచి విసిరినా. ఆ మహాతల్లివి నువ్వేనా?"

"నేనే."

"ఇదేనా పెండ్లిండ్లకు తొడిగే గౌను?"

"ఎవురి పెండ్లికి పాపా?" అని ఆటోలోంచి ఒక గొంతు. అందరూ నవ్వారు. నవ్వారే గాని ఒక్కరూ కిందికి దిగలేదు.

"నువ్వు పడేసిందే కదమ్మా, నువ్వే తీయ్," అంది ఇంద్రాణి.

"పడేసినోల్లు తీయగూడదు."

"అయితే నేను తీస్తా."

"ఎవురికి తీసినామో వాళ్ళు అస్సలు ముట్టుకోగూడదు. మళ్ళా నీకే చుట్టుకుంటాది. రేపు పరీక్ష పోతాది."

ఇంద్రాణి హేమ వైపు చూసింది.

"నాది ఈ ఊరే కాదు," అంది హేమ.

గోవిందప్ప క్యాన్ మూత తిప్పాడు. ఇంద్రాణి లేచింది. పక్కనున్న తుమ్మకంప విరిచి, దానితో ముద్దను రోడ్డు అంచుకు నెట్టింది. మొహం పక్కకు తిప్పి, కండ్లు మూసుకొని, గౌను అంచు పట్టి లాగింది. అద్దాలు రోడ్డుకు రాసుకొని గరగరమన్నాయి. ట్రాక్టర్ పోయింది. దాని వెనకే ఆటో పోయింది.

పుష్పావతి కూతురిని వాకిట్లోనే నిలబెట్టి కాళ్ళ మీద రెండు బిందెల నీళ్ళు పోసింది. గౌనును ఇంట్లోకి రానివ్వలేదు. ఇంద్రాణి దాన్ని పశువుల కొట్టం దగ్గర ఉతికింది. బొమ్మ మీద కుంకుమ మరక పోలేదు.

సోమవారం పొద్దున ఆరు గంటలకు పుష్పావతి మళ్ళీ దిష్టి తీసింది. ఈసారి ఇంద్రాణి మేలుకొని, తూర్పుకు తిరిగి నిలబడి తీయించుకుంది.

"ఉప్పు ఇంకొంచెం తీసుకోమ్మా," అంది.

బస్సులో అనంతపురం పోతూ వాట్సాప్‌లో తన పేరు కింది వాక్యం తీసేసింది. రిపోర్టు బైండింగ్ అయిపోయింది కాబట్టి మొదటి పేజీ అలాగే ఉండిపోయింది.

పదకొండు గంటలకు ఆ గౌను తొడుక్కొని పరీక్షకుల ముందు నిలబడింది. ఒకామె బొమ్మ మీది ఎర్ర మరకను చూపించి, అది ఏ కుట్టని అడిగింది.

"కుట్టు కాదు మేడం. అది మా అమ్మ వేసింది," అంది ఇంద్రాణి.

ఆమెకు వందకు అరవై ఎనిమిది మార్కులు వచ్చాయి.