పై హద్దు

రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి తర్జుమా చేసే కంపైలర్‌కి కొత్త వెర్షన్ మార్చిలో వచ్చింది. మోంతెవిదేవో ఓడరేవులో నీటిమట్టాలు లెక్కకట్టే చిన్న ఆఫీసులో జుల్మా ప్రోగ్రాములన్నిటినీ దానికి మార్చింది. మిగతా ప్రోగ్రాములు అరువు తెచ్చుకుని వాడుకునే ఒక్క ప్యాకేజీ మాత్రం మొండికేసింది. అది వాల్దెమార్ రాసినది. నదిలో నాటిన కొలకర్రల అంకెలు చదివే పని దానిది.

మే నెలాఖరులోగా బాగుచెయ్యకపోతే, ప్రపంచమంతా వాడుకునే ఉమ్మడి జాబితా నుంచి దాన్ని తీసేస్తారు. దాంతోపాటే అతని పేరూ పోతుంది.

ఏ ప్యాకేజీ అయినా తనకు కావలసిన మిగతా ప్యాకేజీలు ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ దాకా ఉండొచ్చో రాసిపెట్టుకుంటుంది. చివరి అంకె పై హద్దు. "కళ్లతో చూసినంతవరకే మాటివ్వాలి," అనేవాడు వాల్దెమార్. "రేపొచ్చే వెర్షన్ ఎలా ఉంటుందో నీకేం తెలుసు?" మాటల్లోనూ అంతే. అతనూ జుల్మా రెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు. ఒక్కసారి కూడా 'వచ్చే ఏడాది' అనలేదతను. ఏడేళ్ల కిందట సముద్రపొడ్డున వాలీసాస్‌కి వెళ్లిపోయాడు. గొడవేమీ జరగలేదు. గొడవ జరిగుంటే, దాన్నైనా తలుచుకోవడానికి ఉండేది ఆమెకు.

అతను వెళ్లాక పై హద్దులను పెంచేవాళ్లు లేరు. జుల్మా తన కంప్యూటర్లో ఒక మీట నొక్కిపెట్టింది: ఎవరి హద్దులనూ పట్టించుకోవద్దు. ఏడేళ్లూ అంతా నడిచింది. నడుస్తోంది కదా, బాగానే ఉందనుకుంది. ఇప్పుడు కొత్త కంపైలర్ దగ్గర ప్యాకేజీ లోపలే విరిగింది. పదకొండు పంక్తులు మారిస్తే చాలు. కాని ఉమ్మడి జాబితాలోకి ఎక్కించే హక్కు అతనొక్కడిదే.

పక్క బల్ల దగ్గర, టీలా తాగే మాతె ఆకు వేసిన గిన్నెలో వేడినీళ్లు పోసుకుంటూ ఎబెర్ అడిగాడు:

"ఫోన్ చెయ్యొచ్చుగా?"

"నంబరు మారింది."

"వాలీసాస్‌కి బస్సుంది. నాలుగున్నర గంటలు. నువ్వు దిగేలోపు నా థర్మాస్ కూడా చల్లారదు."

"బహిరంగంగా రాసి అడగాలి, రెండు వారాలు ఆగాలి. జవాబు రాకపోతే నాకిస్తారు. పద్ధతి అది."

"పద్ధతి చాటున భలే దాక్కుంటావు తల్లీ నువ్వు."

ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది. ఆ మధ్యాహ్నమంతా రాసింది. 'ఎలా ఉన్నావు' అని రాసి చెరిపేసింది. 'నీకు గుర్తుందా' అన్నదాన్నీ చెరిపేసింది. చివరికి రెండు వాక్యాలు మిగిలాయి: వాల్దెమార్, ఈ ప్యాకేజీని ఇంకా చూసుకుంటున్నావా? లేకపోతే నేను తీసుకుంటాను. పది నిమిషాల్లో కురితీబా నుంచి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి దానికింద బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టాడు.

మొదటివారం రోజూ చూసుకుంది. అతను పలక్కపోతే ప్యాకేజీ ఆమెది. పలికితే ఆమెది కాదు. ఐదోరోజు, ఆఫీసు నుంచి ఇంటికెళ్లే బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చున్నప్పుడు తెలిసింది, తాను ఏం కోరుకుంటోందో. 'లేదు, అది నాది' అని అతను కసిరినా చాలు. కసరడం కూడా మాటే కదా. మౌనం సాగినకొద్దీ ప్యాకేజీ దగ్గరవుతోంది, మనిషి దూరమవుతున్నాడు. ఈ బేరానికి తానే సంతకం పెట్టింది.

పదమూడోరోజు వాన. ఆగ్నేయపు గాలికి నది గట్టుమీదికి పొంగుతోంది. జుల్మా ప్యాకేజీ పేజీ తెరిచింది. చూసుకునేవారు అన్నచోట ఆమె పేరుంది. అతని పేరు లేదు. కింద నమోదు: జుల్మాను చేర్చినది వాల్దెమార్ పీరిస్. తనంతట తాను తొలగినది వాల్దెమార్ పీరిస్. రెండిటి పక్కనా 'కారణం' అన్న గడి ఖాళీగా ఉంది.

అంటే చదివాడు. చదివి, రెండు మీటలు నొక్కి, లేచి వెళ్లాడు.

"వచ్చిందా జవాబు?" అన్నాడు ఎబెర్.

"వచ్చింది."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

ఎబెర్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. మాతె గిన్నె ఆమె వైపు జరిపాడు.

ఆమె మొట్టమొదట ఆ పాత మీట ఎత్తేసింది. ఏడేళ్ల హద్దులన్నీ ఒక్కసారిగా తెరమీద ఎర్రగా దిగాయి. ఇక్కడిదాకానే చూశాను, ఇక్కడిదాకానే, ఇక్కడిదాకానే. అతని గొంతు ఇన్నాళ్లూ అక్కడే ఉంది. వినొద్దని చెప్పింది తనే.

విరిగిన పదకొండు పంక్తులూ మార్చి, నాలుగు రోజులు ఒక్కొక్క వెర్షన్‌తో నడిపి చూసింది. నడిచినదాని హద్దు పెంచింది, నడవనిదాన్ని ఉన్నచోటే ఉంచింది. రాసినవారు అన్నచోట వాల్దెమార్ పేరును ముట్టుకోలేదు. చివరికి కొత్త కంపైలర్ అంకె దగ్గర ఆగింది.

వెనకనుంచి ఎబెర్ తొంగిచూశాడు. "వచ్చే వెర్షన్ కూడా వేసెయ్ బాబూ. లేకపోతే ఆర్నెల్లకి మళ్లీ ఇదే గోల."

"దాన్ని చూళ్లేదుగా," అని జుల్మా ఎక్కించే మీట నొక్కింది.