గీతకు బెత్తెడు అవతల

ఆ షటిల్ కోర్టులో అంపైర్‌ని అందరూ తక్కెడ మాస్టారు అనేవాళ్లు. మొహం చూసి తీర్పు చెప్పడని ఆయనకు పేరు. "మనిషికి మిగిలేది న్యాయమేనమ్మా" అని కూతురికి ఊహ తెలిసినప్పటినుంచీ నూరిపోశాడు.

ఆ రోజు ఫైనల్లో కూతురే ఆడుతోంది. రావలసిన అంపైర్ రాలేదని నిర్వాహకులు బతిమాలితే ఆయనే కుర్చీ ఎక్కాడు. చివరి పాయింటుకు కూతురు కొట్టిన షటిల్ గీతకు బెత్తెడు అవతల పడింది. చూస్తూ చూస్తూనే "ఇన్" అన్నాడు. ఆయన మాటమీద గురితో అవతలి పిల్ల కిక్కురుమనకుండా చెయ్యి కలిపి పక్కకెళ్లి బ్యాగు సర్దుకోసాగింది.

కూతురు దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "నాన్నా, అది బయట పడలేదూ?"

"లేదమ్మా, గీతమీదే పడింది."

"అయితే నాకే సరిగ్గా కనబడలేదేమోలే" అంది, కళ్లు నులుముకుంటూ.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. మైకు అందుకున్నాడు. "షటిల్ బయటే పడింది. చూసి కూడా అబద్ధమాడాను" అని, కుర్చీ దిగిపోయాడు.

మిగతా ఆట ఇంకొకరు నడిపారు. కూతురు ఓడిపోయింది. ఇంటికెళ్లేటప్పుడు ఎప్పటిలాగే ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన మాత్రం దారి పొడుగునా ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.