నిండు ఎండలో కరెంటు పోయిన రోజు

మా వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ సోలారక్కనే. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టించుకుంటే సగం ఖర్చు ప్రభుత్వమే భరించే పథకం ఒకటి వచ్చింది. ఇళ్లకే కాదు, దుకాణాలకూ ఇస్తారు. ఇంటింటికీ తిరిగి ఆ ఫారాలు నింపించడం నా ఉద్యోగం. రెండేళ్లలో మందుల షాపు, లాండ్రీ, బేకరీ, మా ఎదురింటి టైలరమ్మాయి, అందరి కప్పులూ నా చేతుల మీదుగానే నిండాయి. ఒప్పుకోనివాళ్లను ఊరికే వదిలిపెట్టే రకాన్ని కాదు నేను. తలుపు వేసేస్తే కిటికీలోంచి మాట్లాడేదాన్ని. "సంతకం పెడతాను తల్లీ, నన్నొదిలెయ్" అని ఫారం లాక్కున్నవాళ్లు కూడా ఉన్నారు.

నేను చెప్పేవాటిలో అందరికీ నచ్చిన మాట ఒకటుంది. "ఎండున్నంతసేపూ మీ ఇంట్లో కరెంటు పోదు." ఆ మాట వాళ్లిచ్చిన పుస్తకంలో లేదు, శిక్షణలో ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే అనుకున్నాను. కప్పు మనది, పలకలు మనవి, పైన ఎండ మండిపోతుంటే కింద కరెంటు ఎందుకు పోతుంది? పలకలు బిగించే పని మా తమ్ముడిది. వాడు ఒకసారి "అక్కా, అది అలా కాదు" అని ఏదో చెప్పబోయాడు. "జనం ముందు నీ చదువు చూపించకు, ముందా నిచ్చెన పట్టుకో" అని కసిరాను. వాడు నోరు మూసుకుని నిచ్చెన పట్టుకున్నాడు.

మా ఆయన ఇరవై ఏళ్లు రాళ్లు కోసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ పొడంతా ఊపిరితిత్తుల్లో చేరింది. మూడేళ్లుగా ముక్కుకు గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ మిషన్. గదిలో గాలినే లాక్కుని ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ అది, కరెంటు ఉంటేనే నడుస్తుంది. టైలరమ్మాయి తల్లికీ అలాంటిదే ఉంది. ఆవిడను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. పలకలు బిగించిన వారంలోనే, "ఇంకా ఈ బ్యాటరీ దేనికమ్మా, మూలన కంపు కొడుతూ" అని వాళ్ల పాత ఇన్వర్టర్ బ్యాటరీ అమ్మించింది నేనే. మాదీ అమ్మేశాను. అవసరానికి పెట్టుకున్న అద్దె ఆక్సిజన్ సిలిండర్ కూడా వాళ్లు తిరిగిచ్చేశారు. మా ఇంట్లో మాత్రం ఒక చిన్న సిలిండర్ మిగిలింది, ఆయన్ను ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు దారిలో వాడటానికి.

ఆ రోజు తెల్లవారుజామున పెద్ద గాలివాన వచ్చి వెలిసింది. తొమ్మిదయ్యేసరికి ఎండ కళ్లు తెరవనివ్వడం లేదు. పదకొండింటికి వీధి చివర విరిగి వేలాడుతున్న కొమ్మ తీగల మీద పడింది. ఫ్యాను ఆగింది. మిషన్ కీచుమని అరిచి ఆగింది.

నేను కంగారుపడలేదు. నవ్వొస్తుందిప్పుడు, నిజంగానే పడలేదు. ఇప్పుడు పలకల కరెంటు వస్తుందిలే అని గోడకున్న సోలార్ పెట్టె ముందు నిలబడి చూశాను. పెట్టె మీద ఎర్ర దీపం ఒకటి వెలుగుతోంది. నిమిషం, రెండు నిమిషాలు. మా ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అప్పుడు పరిగెత్తాను. సిలిండర్ లాక్కొచ్చి గొట్టం తగిలించి, తమ్ముడికి ఫోన్ చేశాను.

"పలకలు పనిచెయ్యవక్కా," అన్నాడు. "వీధి లైను పోతే అవి వాటంతటవే ఆగిపోతాయి. లేకపోతే మన కరెంటు తీగల్లోకి ఎదురెక్కి, స్తంభం మీద పనిచేసేవాడు చచ్చిపోతాడు. బ్యాటరీ ఉంటే వేరే సంగతి."

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదురా?"



"చెప్పబోయానక్కా," అన్నాడు. తర్వాత వాడే, "ఎక్కడైనా సిలిండర్ దొరుకుతుందేమో చూసి పట్టుకొస్తాను. దారంతా చెట్లు పడున్నాయి, ఎంతసేపవుతుందో చెప్పలేను" అన్నాడు.

అంబులెన్స్‌కు చేశాను. గంట పైనే పడుతుందన్నారు. సిలిండర్ మీద ముల్లు సగానికి ఉంది. ఎంత లెక్కేసినా గంటంబావుకు మించదు. గదిలో ఆయన మంచం అంచున ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని పీలుస్తున్నాడు. పక్కన కూర్చుని ఆయన వీపు నిమురుతూ ఉన్నాను. అంతలో వీధి తలుపు దబదబా కొట్టారు.

గది తలుపు దగ్గరగా వేసి వెళ్లి తీశాను. టైలరమ్మాయి. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, కాళ్లకు చెప్పుల్లేవు.

"అక్కా, అమ్మకు మిషన్ ఆగిపోయింది. ఇంత ఎండుంటే కరెంటు రావట్లేదేంటక్కా? నేనేమైనా తప్పు నొక్కానా? వేరే స్విచ్ ఏదైనా వెయ్యాలా?"

తప్పు తనదే అనుకుంటోంది పిచ్చిపిల్ల. ఆ క్షణంలో నన్ను చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

"నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా. వీధి లైను వచ్చేదాకా అది రాదట. మా తమ్ముడు ఇప్పుడే చెప్పాడు."

"మరి మీరు అప్పుడు..." అని ఆగిపోయింది. నిలదీయడానికి కూడా టైము లేదు దానికి. "మీ దగ్గర సిలిండర్ ఏమైనా ఉందా అక్కా?"

"లేదు," అన్నాను.

నోటికి అలా వచ్చేసింది, అంతే. "మొన్న ఆస్పత్రికి వెళ్లినప్పుడే అయిపోయింది. మీ బావగారినీ ఊరికే కూర్చోబెట్టాను. తమ్ముడు ఎక్కడినుంచైనా తెస్తానన్నాడు, రాగానే నేనే పట్టుకొస్తాను." అడగని వివరాలు కూడా ఇచ్చాను. ఫారాలు నింపీ నింపీ వచ్చిన అలవాటు.

"అయ్యో, బావగారికి కూడానా!" అంది. నా చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండక్కా" అని చెప్పి మళ్లీ పరిగెత్తింది. నాకు ధైర్యం చెప్పి వెళ్లింది.

గదిలోకి వచ్చేసరికి ఆయన నన్నే చూస్తున్నాడు. ఆయన ఊపిరికి రెండు మాటలకు మించి అందవు.

"ఉంది... కదా," అన్నాడు.

"మాట్లాడకండి. ఆయాసమొస్తుంది."

"ఇచ్చి... రా."

"ఇచ్చి మిమ్మల్నేం చెయ్యమంటారు?" అని అరిచాను. మూడేళ్లలో ఆయన మీద అరవడం అదే మొదటిసారి.

నేను మూర్ఖురాలిని కాదు. ఆ పిల్ల గడప దాటకముందే నాకు దారి తట్టింది. ఎదురిల్లు పాతిక అడుగుల దూరం. సిలిండర్ అక్కడికి మోసుకెళ్లి, ఈయన్నీ కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళితే, చెరో అయిదు నిమిషాలూ మార్చి మార్చి పీల్చుకోవచ్చు. ఇద్దరికీ బొటాబొటిగా అయినా అంబులెన్స్ వచ్చేదాకా ప్రాణం నిలబడుతుంది. ఆక్సిజన్ చాలదన్న భయం నన్ను ఆపలేదు. రెండు నిమిషాల క్రితం లేదన్న సిలిండర్‌ను ఏ మొహం పెట్టుకుని చంకనేసుకుని వెళ్లాలన్న సిగ్గు ఆపింది. తమ్ముడు ఇంకో సిలిండర్ తెస్తే ఆ అవసరమే ఉండదు కదా అనుకున్నాను. వాడికి మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను.

కిటికీలోంచి చూస్తే టైలరమ్మాయి వాళ్ల అమ్మను మంచం మీద నిలువుగా కూర్చోబెట్టి, బట్టలు చుట్టే అట్టతో విసురుతోంది. వీధి చివర లైన్‌మన్ స్తంభం మీద ఉన్నాడు. కప్పుల మీద పలకలన్నీ ధగధగా మెరుస్తున్నాయి, ఒక్కదానికీ పనిలేదు. గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. పావుగంటయింది.

వెనక చిన్న చప్పుడైంది. ఆయన సిలిండర్ మీద పిడి తిప్పి కట్టేశాడు.

నేను తెరిచాను. ఆయన మళ్లీ కట్టేశాడు. ఆయన వేళ్ల మీద నా వేళ్లు వేసి బలంగా తిప్పాను. మనిషిలో సత్తువ లేదు, వేళ్లు వాటంతటవే జారిపోయాయి. మొహం నల్లబడిపోతోంది. అయినా ముక్కులోంచి గొట్టం పీకేసి నా చేతిలో పెట్టాడు.

"నేను... పీల్చలేను," అన్నాడు. "ఇది."

సిలిండర్ ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాను. ఎదురుగా వస్తున్న లాండ్రీ అతన్ని పట్టుకుని, "మా ఆయన్ను కుర్చీతో సహా టైలరు వాళ్లింటికి తీసుకురా, తొందరగా" అని కేకేశాను.

పెద్దమ్మ తల కూతురి భుజం మీద వాలిపోయి ఉంది. గోళ్లు నీలంగా తిరిగాయి. టైలరమ్మాయి నా చేతిలో సిలిండర్ చూసి ఒక్కసారిగా ఏడ్చేసింది. నేను ఎవరి కళ్లలోకీ చూడకుండా గొట్టం పెట్టి, పిడి తిప్పి, "పీల్చు పెద్దమ్మా, నిదానంగా పీల్చు" అంటూ ఉన్నాను. ఆవిడ రెండుసార్లు కళ్లు తెరిచింది. మా ఆయన్ను తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టారు. అయిదు నిమిషాలకోసారి గొట్టం ఆయన ముక్కు దగ్గరకు తెస్తే, రెండు గుక్కలు పీల్చి, చేత్తో ఆవిడ వైపు తోసేసేవాడు. మూడోసారి గొట్టం తిరిగి ఆవిడకు పెట్టేటప్పటికి ఆవిడ ఛాతీ కదలడం లేదు.

టైలరమ్మాయి వాళ్లమ్మను పడుకోబెట్టి రెండు చేతులతో ఛాతీ మీద నొక్కింది. అలిసిపోతే నేను నొక్కాను. ఎంతసేపు నొక్కామో తెలియదు. కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది, ఆక్సిజన్ మిషన్ మొదలైంది, టేబులు మీద కుట్టు మిషన్ దీపం వెలిగింది. మిషన్ గొట్టం మా ఆయన ముక్కుకు పెట్టాను. పది నిమిషాలకు అంబులెన్స్ వచ్చింది. అందులో వచ్చిన మేల్ నర్సు పెద్దమ్మ మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఆక్సిజన్ కాస్త ముందు అంది ఉంటే బతికేవారేమోనమ్మా," అన్నాడు మెల్లగా.

జనం పోగయ్యారు. ఒకరిద్దరు నావైపు కోపంగానే చూశారు, కరెంటు పోదని వాళ్లకూ చెప్పినదాన్నే కదా. బేకరీ ఆయన, "అంతా ఈవిడ మాటలు నమ్మబట్టే" అని పైకే అనేశాడు. టైలరమ్మాయి చివ్వున లేచింది.

"అక్కనేమీ అనకండి," అంది. "వాళ్లాయన అక్కడ ఊపిరాడక కొట్టుకుంటుంటే, తెప్పించిన సిలిండర్ ముందు మా అమ్మకు తెచ్చి పెట్టింది. సొంతవాళ్లు కూడా అలా చెయ్యరు."

వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. వేళ్లు మంచులా ఉన్నాయి. కుర్చీలో మా ఆయన కళ్లు మూసుకున్నాడు. నిద్రపోవడం లేదని నాకు తెలుసు.

"మీ తమ్ముడు ఎంత కష్టపడ్డాడో పాపం," అంది. "ఒక్క పావుగంట ముందు దొరికుంటే... ఎక్కడ దొరికిందక్కా?"

ఊరుకుంటే సరిపోయేది. తమ్ముడి పేరు చెప్పినా నమ్మేది. ఈ వీధిలో నేను ఏం చెప్పినా నమ్మారు.

"మా ఇంట్లోనే ఉందమ్మా," అన్నాను. "నువ్వొచ్చి అడిగినప్పుడు కూడా ఉంది."

ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. నా చేతులు వదలాలని దానికి చాలాసేపటి వరకూ తోచలేదు.