గుమ్మం బయట చాప

వీధిలో అతన్ని అందరూ బస్తా అనే పిలుస్తారు. గోడౌన్‌లో బస్తాలు మోస్తాడని ఒక కారణమైతే, పడుకున్నాడంటే తనే ఒక బస్తా అయిపోతాడని రెండోది. పక్కింటి గోడ కూలినా లేవడని పేరు. ఆ పేరు తెచ్చిపెట్టింది కట్టుకున్న భార్యే. "మా ఆయన్ని నిద్ర లేపాలంటే ఇద్దరు కూలీల్ని మాట్లాడుకోవాలి" అని తను పనిచేసే అద్దకం షెడ్డులో చెప్పి అందర్నీ నవ్వించేది. సరదాకి అన్న మాట సరదాగానే పోతుందని ఏముంది? తర్వాత ఆ మాటే అతని మీద సాక్ష్యం చెప్పింది.

ఆమెని షెడ్డులో నీలమ్మ అంటారు. నీలిరంగు తొట్టి దగ్గర పని. గుడ్డని ముంచాలి, ఎత్తాలి, పిండాలి, మళ్లీ ముంచాలి. యజమాని ఇచ్చే రబ్బరు తొడుగులు వారం తిరక్కుండానే చిరుగుతాయి, కొత్తవి అడిగితే ఆయనకి చెవుడొస్తుంది. అందుకని నీలమ్మ చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ నీలంగానే ఉంటాయి. సబ్బుకి ఆ రంగు పోదు. బ్లీచింగ్ పొడి రుద్దితే కొంత పోతుంది, దాంతోపాటు చర్మమూ పోతుంది. తాకినంత మాత్రాన అది దేనికీ అంటుకోదు. చెమట పట్టిన చెయ్యి ఒకేచోట చాలాసేపు ఆనిందంటే మాత్రం దిగుతుంది. ఆమె తలగడకి ఒక పక్క ఎప్పుడూ నీలి మరకే.

మొదటి పాప పుట్టినప్పుడు నీలమ్మ ఒక పాత చొక్కా చేతులు కత్తిరించి తనకి గుడ్డ తొడుగులు కుట్టుకుంది. అవి వేసుకోకుండా పిల్లని ఎత్తుకునేది కాదు. "నా కూతురి బట్టల మీద ఒక్క నీలి చుక్క చూపించండి, మీరేం చెబితే అది చేస్తాను" అని షెడ్డులో పందెం కాసేది. ఎవరూ చూపించలేకపోయారు.

వాళ్లది ఒకే గది. గోడకి ఆనించి ఒక మంచం. గోడవైపు ఆమె, మధ్యలో పాప, అంచున అతను. ఉయ్యాలకి చోటు లేకపోవడం నిజమే కానీ, చోటున్నా వాళ్లు పాపని వేరే పడుకోబెట్టేవాళ్లు కాదు. రోజంతా ఒకరు రంగులోనూ ఒకరు దుమ్ములోనూ గడిపి ఇంటికొచ్చాక, ఆ పిల్ల ఊపిరి వింటూ పడుకోవడమే వాళ్లకున్న సుఖం. అలా పడుకోవడం తప్పని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా నవ్వి ఊరుకునేవాళ్లు.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒకనాడు, ఇంకా వెలుగు రాకముందే, అతను ఆమెని భుజం పట్టి కుదిపి లేపాడు. పాప అతనివైపు అంచున ఉంది, అతని తువ్వాల్లో చుట్టి. ఒంటి మీద పసుపు గౌను లేదు.

"నా చెయ్యి పడింది" అన్నాడు.

అంతే. డాక్టరు అడిగినా, తన తల్లి అడిగినా, వీధిలోవాళ్లు అడిగినా అదే మాట. డాక్టరు తువ్వాల్లోంచి కనిపించే పాప మొహం చూసి, అతని చేతుల లావు చూసి, మరో ప్రశ్న వెయ్యలేదు. బస్తా నిద్ర సంగతి అందరికీ తెలిసిందే కదా.

దానికే ఆమె సగం చచ్చిపోయింది. మిగిలిన సగాన్ని చంపింది ఆ తర్వాత అతను చేసిన పని. ఇంటి ముందు జనం గుమిగూడి ఏడుస్తుంటే, ఆ మనిషి పంపు దగ్గర కూర్చుని పాప గౌనూ దుప్పటీ ఉతుకుతున్నాడు. బ్లీచింగ్ పొడి వేసి మరీ రుద్దుతున్నాడు. తర్వాత పాపకి ఆఖరి స్నానం చేయిస్తామని ఆడవాళ్లు వస్తే, తువ్వాలు విప్పనివ్వకుండా, తలుపు వేసుకుని తనే చేయించాడు. చూసినవాళ్లు నోరు నొక్కుకున్నారు. కన్నతల్లే "నా కడుపున చెడబుట్టావురా" అంది. అతను తలొంచుకున్నాడు.

ఆ గౌను ఆరాక నీలమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పాలవాసన లేదు, పిల్ల వాసన లేదు, బ్లీచింగ్ పొడి ఘాటు తప్ప ఏమీ లేదు. వీపు మీద పసుపు పూర్తిగా ఎగిరిపోయి తెల్లటి పట్టీ మిగిలింది. పిల్లనీ తీసుకున్నాడు, పిల్ల వాసననీ మిగల్చలేదు అనుకుంది. గౌనుని పెట్టె అడుగున దాచింది. మొగుణ్ణి మాత్రం పదిమందిలో హంతకుడా అంది. ఒక్కసారి కాదు.

అయినా వదిలి వెళ్లలేదు. వెళ్లడానికి చోటు లేదు. మనుషులు కోపంలోనూ కలిసే బతుకుతారు, ఆ కోపంలోనే ఒకనాడు దగ్గరవుతారు కూడా. రెండేళ్లు తిరిగేసరికి పిల్లాడు పుట్టాడు.

వీడు బతకాలి. ఆమె బుర్రలో ఇంకో ఆలోచన లేదు. వీడు బతకాలంటే తండ్రి మంచానికి దూరంగా ఉండాలి. పురుడు పోసుకుని ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే చాప తీసి గుమ్మం బయట వరండాలో పడేసింది. "నీ పడక అక్కడ. నేను లోపల గడియ పెట్టుకుంటాను. వీడు పరిగెత్తేదాకా ఇంతే" అంది. అతను "సరే" అన్నాడు. బేరమాడలేదు. ఆ వరండాలోంచి పైవాటాల వాళ్లు రావాలి, పోవాలి. అతన్ని దాటుకుని వెళ్లేవాళ్లు. వాన జల్లు కొడితే చాప గోడకి జరుపుకునేవాడు. కాళ్లు మాత్రం తడిసేవి.

పిల్లాడికి పాప పోయిన వయసే వచ్చింది. ఆమెకి భయం పట్టుకుంది. దానికి తోడు వాడికి కడుపునొప్పి, రోజుల తరబడి రాత్రుళ్లు వాణ్ణి భుజాన వేసుకుని గదిలోనే తిరిగింది. పగలు షెడ్డులో తొట్టి ముందు నిలబడే కునికిపాట్లు పడింది. ఓసారి మొహం రంగులో పడబోయింది కూడా. మేస్త్రి "ఇవాళ్టికి చాలు, ఇంటికి పో" అని మధ్యాహ్నమే పంపేశాడు.

ఇంటి దగ్గర, పగలు పిల్లాణ్ణి చూసుకునే అత్త వాణ్ణి అందించి, "ఇప్పుడే లేచాడు, పాలియ్యి. నేను సాయంత్రం వస్తా" అని పక్కవీధిలోని తన ఇంటికి పోయింది. ఆ రోజు గోడౌన్‌కి సెలవు. బస్తా వరండాలో చాప మీద కూర్చుని, బస్తాలు మోసేటప్పుడు భుజాన వేసుకునే గోనెపట్టాకి కుట్లు వేసుకుంటున్నాడు. ఉక్క భరించలేక ఆమె తలుపు తెరిచే ఉంచింది. పగలే కదా, తను మెలకువగానే ఉంది కదా అనుకుంది.

పక్కకి తిరిగి పడుకుని పిల్లాడికి పాలిచ్చింది. చేతులకున్న గుడ్డ తొడుగులు చెమటకి తడిసి దురద పెడుతున్నాయి. ఒక్క క్షణం గాలి తగలనిద్దామని లాగేసింది. కళ్లు మూసుకోకూడదు అని గట్టిగా అనుకుంది. ఆ తర్వాత ఏం అనుకుందో తెలీదు.

పిల్లాడి ఏడుపుకి మెలకువ వచ్చింది. పక్కన చెయ్యి వేస్తే పిల్లాడు లేడు.

 ఒక్క ఉదుటున లేచింది. పిల్లాడు గుమ్మం బయట చాప మీద, ఒంటి మీద చొక్కా లేకుండా, కాళ్లు కొట్టుకుంటూ గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. మొహం ఇంకా కమిలిపోయే ఉంది. అతను లేడు. పంపు దగ్గర నీళ్ల చప్పుడు.

పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్లింది. ఆ మనిషి గొంతుక్కూర్చుని పిల్లాడి చొక్కా ఉతుకుతున్నాడు. పక్కన బ్లీచింగ్ పొడి డబ్బా. పొడి రాసి, రెండు పిడికిళ్లతో, ఆవేళ ఎలా రుద్దాడో అచ్చం అలాగే రుద్దుతున్నాడు.

"బతికున్నవాడి చొక్కా కూడా నీకు కావాల్సొచ్చిందా?" అంది.  "వాణ్ణి ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?"

అతను చొక్కాని వెనక్కి దాచుకున్నాడు. "పాలు కక్కాడు. అంతే. నువ్వు లోపలికి పో."

"ఏదీ, చూపించు."

"పో, చెబుతున్నాగా."

అతని గొంతులో కోపం లేదు. బతిమాలడం ఉంది. అది విని ఆమెకి అనుమానం వచ్చింది. పిల్లాడి వీపు నిమురుతున్న చేతిని అప్పుడు చూసుకుంది. తొడుగు లేదు. పిల్లాణ్ణి భుజం మీదికి తిప్పి వీపు చూసింది. భుజాల కింద అడ్డంగా, చెయ్యంత వెడల్పున, లేత నీలి పట్టీ ఉంది. చొక్కాలోంచి దిగింది. ఊరికే తాకితే ఆ రంగు దిగదు. ఎంతసేపు ఆనాలో, ఎంత బరువు పడాలో షెడ్డులో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

పిల్లాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె వాణ్ణి మెల్లగా ఊపింది.

"ఆవేళ కూడా ఇంతేనా?" అంది.

"ఆవేళ నా చెయ్యి."

"మరి పాపకి నువ్వే ఎందుకు నీళ్లు పోశావు? ఎవర్నీ ఎందుకు ముట్టుకోనివ్వలేదు?"

అతను పంపు కట్టేశాడు. లేచి నిలబడలేదు.

"చెప్పవయ్యా. గోడ కూలినా లేవవే, ఆవేళ నాకంటే ముందు ఎలా లేచావు?"

"పొద్దున్నే లారీ వస్తుందని చెప్పారు. ఆ ధ్యాసలో మెలకువ వచ్చింది" అన్నాడు నేల చూస్తూ. "లైటు వేసి చూసేసరికి అది బోర్లా పడి ఉంది, ఉక్కకి తొడుగు తీసేసిన నీ చెయ్యి దాని వీపు మీద ఉంది. అప్పటికే చల్లబడిపోయింది. నీ చెయ్యి వల్లే పోయిందో, పోయాక నీ చెయ్యి పడిందో నాకు తెలీదు, ఒట్టు. కానీ నువ్వు లేచి ఆ రంగు చూస్తే ఇంక బతకవని తెలుసు. అందుకే నావైపు జరుపుకున్నాను."

"నన్ను అడగాల్సింది."

"ఏమని అడగను?"

ఆమె పిల్లాణ్ణి ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"ఎవరిదో ఒకళ్ల చెయ్యి కావాలి కదా అందరికీ" అన్నాడు అతను. "నాదంటే ఎవరైనా నమ్ముతారు."

ఆమె లోపలికి వెళ్లి, పెట్టె అడుగు నుంచి పసుపు గౌను తీసి మంచం మీద పరిచింది. వీపు మీది తెల్లపట్టీ మీద తన ముంజేతిని ఆనించింది. సరిపోయింది. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు ఆ గౌను తీసి ఏడ్చింది, ఒక్కసారీ ఇలా చెయ్యి పెట్టి చూడలేదు. ఇప్పుడు ఏడుపు రాలేదు. సిగ్గు వేసింది. పాప కోసం కూడా కాదు ఆ క్షణాన. వానలో తడిసిన అతని కాళ్లు గుర్తొచ్చాయి.

సాయంత్రం అత్త వచ్చేసరికి పిల్లాడు తండ్రి ఒళ్లో ఉన్నాడు, మంచం మీద. ముసలామె చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"ఏం అమ్మాయ్, నీకేమన్నా మతిపోయిందా? వాడి చేతికిచ్చావా పిల్లాణ్ణి? ఒరేయ్, దించరా. మంచం దిగు."

అతను అలవాటు ప్రకారం లేవబోయాడు. నీలమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"అత్తయ్యా, ఆవేళ చెయ్యి ఈయనది కాదు. నాది."

 ముసలామె కోడలి పక్కన కూర్చుని తల నిమిరింది. "నిద్ర లేక ఏదేదో మాట్లాడుతున్నావు తల్లీ. మొగుణ్ణి వెనకేసుకు రావాలనిపిస్తుంది, ఆడదాని మనసు. వీడు నా నోటితో నేను తిట్టుకున్న కొడుకు. వీడి నిద్ర నాకు తెలీదా?"

"రంగు నాదత్తయ్యా. గౌను చూడు."

"తెల్లగా ఉంది కదే. రంగెక్కడుంది?"

నీలమ్మ మొగుడివైపు చూసింది. ఇప్పుడైనా చెప్పమని కళ్లతోనే అడిగింది. అతను పిల్లాణ్ణి చూస్తూ, "అవునమ్మా, నా చెయ్యే. దానికి నిద్ర లేదు, పట్టించుకోకు" అన్నాడు. ముసలామె నిట్టూర్చి, గిన్నె తీసుకుని, తిట్టుకుంటూ వెళ్లిపోయింది. ఎంత బాగా ఉతికాడో నీలమ్మకి అప్పుడు తెలిసింది. ఇక ఎవరికి చెప్పినా ఇదే.

చీకటి పడుతుండగా పిల్లాడికి కూర్చునే పాలు పట్టింది. వాణ్ణి మంచం మీద గోడవైపు పడుకోబెట్టి, తన తలగడ తీసుకుని గుమ్మం దాటింది. చాప దులిపి పరుచుకుంది.

"ఇదేం పని? అక్కడ నేల చల్లగా ఉంటుంది" అన్నాడు అతను.

"ఏడిస్తే లేపు. కూర్చుని పాలిస్తాను."

"లోపలికి రా. మేలుకుని నేను చూస్తాను కదా. రెండేళ్లు దాటింది నాకు నిద్రపట్టి."

ఆమె తలుపు దగ్గరికి లాగింది. "గడియ పెట్టు" అంది.

అతను పెట్టలేదు. తలుపు అవతల నిలబడి ఉన్నాడని అడుగుల చప్పుడు ఆగడాన్ని బట్టి తెలుస్తోంది. పైవాటా ఆయన ఎవరో ఆమెని దాటుకుని మెట్లెక్కి వెళ్లాడు. నీలమ్మ మోకాళ్లు దగ్గరికి తీసుకుని, నీలి చేతులు వాటి చుట్టూ వేసుకుని కూర్చుంది.

"పెట్టయ్యా. వాడు బతకాలి" అంది మళ్లీ.

లోపల గడియ పడిన చప్పుడు వినేదాకా ఆమె నడుం వాల్చలేదు.