పసుపు నీళ్ళ రాయి

కొట్టం పడగొట్టాలన్న గొడవకు మూడు రోజులైంది. ఆ సాయంత్రం నాగవేణమ్మ పప్పుకు పోపు పెడుతున్నా అది తెగలేదు. ఆవులను అమ్మేశాక ఆ కొట్టం ఎలుకలకు తప్ప ఎవరికి పనికొస్తుందని ఆమె మొగుడు గోవిందరాజప్ప పట్టు. కొడుకు చంద్రు పడుకునేది అందులోనే కదా అని ఆమె. అందుకే పడగొట్టాలంటున్నానన్నాడాయన. పైన కప్పు లేకపోతే వాడే ఇంట్లోకి వస్తాడట.

"వానలో తడుస్తాడు గానీ రాడు నాయనా," అంది కూతురు రక్ష, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. "అన్న సంగతి నీకింకా తెలీలేదా?"

లాక్‌డౌన్ పెట్టిన ఏడాది బెంగళూరులో కట్టడం పనులు ఆగిపోతే, చంద్రు మూడు రోజులు నడిచి సొంతూరు వెల్లిచందైకి వచ్చాడు. పద్నాలుగు రోజులు వాణ్ణి బయటే ఉంచమన్నారు ఊరివాళ్ళు. కొట్టం వాకిట అడ్డంగా ఆవుతాడు కట్టింది గోవిందరాజప్పే. తాడుకు ఇవతలున్న బట్టలుతికే రాయి మీద పళ్ళెం పెట్టి, నాగవేణమ్మ దూరం జరిగేది. వాడు తిని వెళ్ళగానే, అమ్మవారు పోసిన ఇంట్లో చేసినట్టే, వేపాకు వేసిన పసుపు నీళ్ళు ఆ రాయి మీద కుమ్మరించేది. ఆమెకు తెలిసిన మందు అదొక్కటే. కొడుకు చూస్తున్నాడన్న ఆలోచనే రాలేదు.

తొమ్మిదో రోజు, వాణ్ణి పెంచిన అవ్వ ఇంట్లో వయసు మీద పడి చనిపోయింది. ఒక్కసారి మొగం చూసి వస్తానమ్మా అని వాడు తాడు దగ్గరికొచ్చి అడిగాడు. నాగవేణమ్మ అవుననలేదు, కాదనలేదు. చెంబులోని పసుపు నీళ్ళు వాడి కాళ్ళ ముందు పోసింది. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. పాడె కొట్టం పక్కనుంచే వెళ్ళింది.

వాడికి దగ్గు కూడా రాలేదు. పదిహేనో రోజు తాడు విప్పినా వాడు ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. ఐదేళ్ళైంది. పక్కనున్న పాలకోడు టౌనులో ఒక మేస్త్రీ కింద పనికి పోతాడు, సరుకులు తెచ్చి గడప బయట పెడతాడు, ఆ రాయి మీదే తింటాడు. కోపంగా ఒక్క మాట అనడు. తిట్టినా బాగుండును అనిపిస్తుంది ఆమెకు. రోజూ పళ్ళెం పెడుతూ లోపలికి రారా సామీ అని పిలుస్తుంది. ఇక్కడే బాగుందిమా అంటాడు.

పని నుంచి వచ్చిన చంద్రు కాళ్ళు కడుక్కుంటూ తండ్రి మాటలన్నీ విన్నాడు. కొట్టంలోకి వెళ్ళి చాప, దుప్పటి చుట్టి చంకన పెట్టుకొచ్చాడు.

"పడగొట్టు నాయనా. నాకు పాలకోడులో మా మేస్త్రీ రూములో చోటుంది," అన్నాడు మామూలుగా.

రక్ష ఫోన్ కింద పెట్టింది.

నాగవేణమ్మ పళ్ళెంలో అన్నం వడ్డించుకుని బయటికొచ్చింది. రాయి మీది పసుపు ఎప్పుడో వానలకు కొట్టుకుపోయింది. లాక్‌డౌన్ ఊరందరికీ చేతులు కడుక్కోవడం నేర్పింది. ఆరోజు వాడు వెనక్కి వేసిన అడుగు ఇంక ముందుకు పడదని ఆమె ఇన్నేళ్ళకు నేర్చుకుంది. పళ్ళెం పెట్టి, అలవాటుగా పిలవబోయి ఆగింది.

"కొట్టం అట్లే ఉండనీ," అంది, ముగ్గురికీ వినపడేలా, గొంతు పెంచకుండా. "పైన కొత్త రేకులు వేపిద్దాం. వాణ్ణి లోపలికి రమ్మని ఇంక నేను పిలవను. మీరూ పిలవద్దండి."