ఏటి గాడి

యంత్రాలంటే నాకు ఒళ్లు మంట. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే నన్ను మహా నెమ్మదస్తుణ్ణి అనుకుంటారు. నలభై ఏళ్లుగా చైనా ఉత్తరాన చిచిహార్‌లో స్కేట్ల బ్లేడ్లకు సాన పడుతున్నాను. మా ఊళ్లో ఐస్ హాకీ ఆడని ఇల్లుండదు. ఒక మేస్త్రీ చేతిలో పెట్టిన బ్లేడును ఇంకో మేస్త్రీ ముట్టుకోకూడదు, అది మా కట్టుబాటు. మొగుణ్ణి మార్చినవాళ్లను చూశాను గానీ మేస్త్రీని మార్చినవాళ్లను చూడలేదు.

టోంగ్ యూలాన్‌ను ఏడేళ్లప్పుడు వాళ్లమ్మ నా కొట్టుకు తీసుకొచ్చింది. ఆవిడ బజార్లో ఊరవేసిన క్యాబేజీ అమ్మేది. ఆ పిల్లే ముప్పై నాలుగేళ్లకు దేశం జట్టుకు కెప్టెన్. ఆసియా శీతాకాల క్రీడలు మా పక్క నగరంలోనే పెట్టారు. జట్టుకు రాజధాని నుంచి ఛూ అనే ఇంజినీరమ్మ వచ్చింది, వెంట సాన యంత్రం, కొలబద్దలు, థర్మామీటర్లు. మిగతా ఆడపిల్లలందరూ బ్లేడ్లు ఆవిడకిచ్చారు. యూలాన్ మాత్రం కోచ్‌తో మొహమాటం లేకుండా చెప్పేసింది.

"మా గ్వాన్ మేస్త్రీని పిలిపించండి. లేకపోతే నా బ్లేడ్లు నేనే బండకేసి రుద్దుకుంటాను."

అలా వెళ్లాను నేను. గర్వంగానే వెళ్లాను, దాచడం ఎందుకు.

ఆమె మోకాలికి అప్పటికే రెండు ఆపరేషన్లు. అదే ఆఖరు పోటీ. మా ఊరి క్రీడా పాఠశాలలో కోచ్ ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. స్వర్ణం తెస్తే అది యూలాన్‌దేనని క్రీడాశాఖ పెద్దాయన నలుగురి ముందూ మాటిచ్చాడు. అది రాకపోతే ఇక మిగిలింది వాళ్లమ్మ కొట్టు, క్యాబేజీ జాడీలు.

ఆఖరి ఆట జపాన్‌తో, సాయంత్రం నాలుగింటికి. పొద్దున్న తొమ్మిదింటికి నేను ఖాళీ హాల్లోకి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, మంచు మీద అరచెయ్యి ఆనించి లెక్కపెట్టాను. అయిదు లెక్కపెట్టేలోగా చెయ్యి అంటుకుంటే మంచు గట్టిదని అర్థం. నాలుగుకే అంటుకుంది.

బ్లేడు అడుగున రెండు అంచుల మధ్య సన్నటి గాడి ఉంటుంది. గాడి లోతుగా ఉంటే అంచులు మంచును గట్టిగా కరుచుకుంటాయి. మా నెన్ ఏరు చలికాలంలో రాయిలా ఉంటుంది, దానికి లోతు గాడే కావాలి. మెత్తటి మంచు మీద అదే గాడి దిగబడిపోతుంది. యూలాన్ ఏటి మీద నేర్చుకున్న పిల్ల, అందుకే నేనామెకు పట్టేది ఎప్పుడూ ఏటి గాడే.

సానరాయి తడుపుతుంటే ఛూ వచ్చింది.

"గ్వాన్ గారూ, నిన్నంతా ఇక్కడ ఫిగర్ స్కేటింగ్ జరిగింది. వాళ్ల కోసం మంచు మెత్తగా ఉంచారు. రాత్రి కాస్త బిగించారు గానీ, సాయంత్రం ఎనిమిది వేలమంది వచ్చి కూర్చుంటే మళ్లీ మెత్తబడుతుంది. అందరికీ గాడి తగ్గించాను. యూలాన్‌కి కూడా తగ్గించండి."

"అమ్మా, మీరు పుట్టకముందు నుంచీ నేను మంచు ముట్టుకుంటున్నాను."

"కాదన్లేదండీ. సాయంత్రం ఇంకోసారి ముట్టుకోండి అంటున్నాను."

ఎంత చురుగ్గా తగిలిందో ఆ మాట. మా ఏరు పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉండదు. నలభై ఏళ్లలో ఒక్కరోజు కూడా నేను రెండోసారి చెయ్యి పెట్టి చూడలేదు. ఈవిడ చెప్పిందని ఇప్పుడు పెడతానా?

అంతలో యూలాన్ వచ్చి బల్ల మీదికెక్కి కూర్చుంది.

"ఏం మేస్త్రీ, చేతులు వణుకుతున్నాయా?"

"నీ నోటికి మాత్రం ఏ సానా అక్కర్లేదే."

"గాడి తగ్గిస్తే మంచిదంటోంది ఇంజినీరమ్మ. మీరేమంటారు?"

"నువ్వు ఎవరి పిల్లవి?"

"మీ పిల్లనే," అని నవ్వింది. "అయితే ఎప్పట్లాగే కానివ్వండి."

ఎప్పట్లాగే కానిచ్చాను. అంచు బొటనవేలి గోరు మీద ఆనించి చూస్తే పొట్టు లేచింది. అంత బాగా నేనెప్పుడూ సాన పట్టలేదు.

ఆట మొదలయ్యేసరికి హాలంతా ఊపిరాడనంత జనం. కోట్లు విప్పేసి ఒళ్లో పెట్టుకున్నారు. అది చూడగానే మంచు మెత్తబడుతోందని అర్థమైంది. అయినా కూర్చున్న చోటు నుంచి లేవలేదు. విరామంలో వెళ్లి రెండు నిమిషాల్లో అంచు మొద్దుబార్చి ఉండొచ్చు. కానీ పక్కన ఛూ ఉంటుంది కదా. చూస్తుంది కదా.

రెండు రెండు గోల్స్‌తో సమానంగా ఉన్నారు. ఇంకా మూడు నిమిషాలు. జపాన్ పిల్ల ఒకతె పక్ బిళ్లతో యూలాన్‌ను దాటబోయింది. యూలాన్ వెనక్కి తిరిగింది, వెయ్యిసార్లు తిరిగినట్టే. ఎడమ కాలు మంచులో దిగబడి ఆగిపోయింది. ఒళ్లు మాత్రం తిరిగింది. ఆమె లేచేలోగా పక్ మన గోల్లో ఉంది.

"మోకాలు పోయింది పాపం," అన్నాడు నా వెనక ఎవడో. "ముసల్దాన్ని ఎందుకు దింపారో," అన్నాడు ఇంకొకడు.

స్వర్ణం పోయింది. కానీ ఉద్యోగం ఇంకా పోలేదు. అసలు కథ ఇక్కడే ఉంది. మర్నాడు మధ్యాహ్నం క్రీడాశాఖ పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి, "గెలుపోటములు ఉంటాయి, దానికేం లేదు," అన్నాడు. "కానీ కాలు నిలవని మనిషికి పిల్లల్ని ఎలా అప్పగించను? అది కాలి తప్పు కాదని ఎవరైనా చెప్తే ఉద్యోగం ఇప్పుడే ఇస్తా."

"నాకు బ్లేడు మీద అనుమానంగా ఉంది," అంది ఛూ. "గాడి కొలుస్తాను. లోతుగా ఉంటే అది ఆమె తప్పు కాదని నేనే రాసిస్తాను."

అందరూ నావైపు చూశారు. యూలాన్ స్కేట్లు నా సంచిలో ఉన్నాయి.

కొలవమని ఇచ్చాను. ఛూ కొలబద్ద పెట్టి, మళ్లీ పెట్టి, నావైపు ఒకసారి చూసింది. గాడి తక్కువగానే ఉంది, మెత్తటి మంచుకు సరిగ్గా సరిపోయేటంత. ఆట మర్నాడు పొద్దున్నే, ఎవరూ లేవకముందే నేను లేచి కూర్చుని దాన్ని మళ్లీ సాన పట్టాను మరి.

ఛూకి తెలిసిపోయిందని నాకు తెలుసు. ఆవిడ నోరు తెరవబోయింది. అంతలో యూలాన్ లేచి నిలబడింది.

"ఆపండి ఇంజినీరుగారూ. మా మేస్త్రీ సానని కొలవడమేంటి అసలు? ఇరవై ఏడేళ్లలో ఆయన చెయ్యి తప్పలేదు. కాలు నాది, తప్పు నాది. ఆయన్ని ఇందులోకి లాగితే ఊరుకోను."

పెద్దాయన ఫైలు మూసేశాడు. అప్పుడైనా చెప్పొచ్చు. స్కేట్లు సంచిలో పెట్టుకుని లేచాను. ఛీ, నాదీ ఒక బతుకేనా అని అప్పటి నుంచి రోజూ అనుకుంటూనే ఉన్నాను, రోజూ మూడుపూటలా తింటూనే ఉన్నాను.

యూలాన్ క్యాబేజీ కొట్లో ఒక్క చలికాలమే ఉంది. తర్వాత దక్షిణాన షెన్‌జెన్ వెళ్లింది. అక్కడ ఒక షాపింగ్ మాల్లో మంచు రింక్ ఉందట, వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని రెండు చుట్లు తిప్పడం ఆమె పని. కట్టుబాటు మాత్రం తప్పలేదు. రెండు నెలలకోసారి స్కేట్లు పార్సిల్లో నాకే పంపుతుంది. లోపల చీటీ ఉంటుంది: "మేస్త్రీ, ఎప్పట్లాగే, ఏటి గాడి."

ఆ ఎండల దేశంలో మంచు ఎంత మెత్తగా ఉంటుందో నాకు తెలుసు. గాడి బాగా తగ్గించి పంపుతాను. చీటీ రాయను.

మొన్న ఫోన్ చేసింది.

"మేస్త్రీ, ఒక చిత్రం చెప్పనా? ఈ మధ్య ఎడమ కాలు అస్సలు ఇబ్బంది పెట్టట్లేదు. ఎంత గట్టిగా తిరిగినా తిరుగుతోంది. ఆ ఒక్కరోజే ఏమొచ్చిందో దానికి. మీకేమైనా తెలుసా?"

సానరాయి తడిపి పెట్టుకుని ఉన్నాను. దాని మీంచి నీళ్లు బల్ల మీదికి కారుతున్నాయి.

"చలికి మోకాళ్లు అలాగే చేస్తాయి తల్లీ," అన్నాను. "అక్కడ వెచ్చగా ఉంటుంది కదా."