వినార్సి గారి ఖాళీ వరుస

ఇండోనేషియాలో, సురబాయాలోని మా పత్రికలో వంటల శీర్షిక రాసేది వినార్సి గారు. మేమంతా ఆవిడను ఇబు, అంటే అమ్మ, అంటాం. వెబ్‌సైట్‌లో ఆవిడ రాసుకునే ఎడిటర్ ప్రోగ్రామ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడానికి నాకు మూడు వారాలు పట్టింది. పాతదానికి ఒక జబ్బుండేది. ఏది పేస్ట్ చేసినా చివర ఒక ఖాళీ వరుస పుట్టేది. ఇబు వెంటనే ‘వరుస చెరుపు’ బటన్ నొక్కి దాన్ని తీసేసేది. కొత్తదానిలో ఆ జబ్బు లేదని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది.

“ఏరా బాగస్, నా రవోన్ పులుసు దినుసుల్లో క్లువాక్ గింజలు ఏమయ్యాయిరా? అవి లేకపోతే పులుసుకి నలుపు ఎక్కణ్ణుంచి వస్తుంది, నీ మొహంలోంచా?”

పరుగున ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లాను. పేస్ట్ చెయ్యగానే ఆవిడ వేలు ఆ బటన్ నొక్కింది. ఖాళీ వరుస లేదు కాబట్టి ఆఖరి దినుసు ఎగిరిపోయింది.

“ఎనిమిదేళ్ల అలవాటురా, చెయ్యి దానంతటదే పోతోంది,” అంటూ టెంపే వేపుడు నా ముందుకు తోసింది.

తింటూనే, ఆవిడ ఒక్కదానికే ఖాళీ వరుస మళ్లీ పుట్టేలా కోడ్ రాశాను.

ఇబు పేస్ట్ చేసింది, బటన్ నొక్కింది, తృప్తిగా తలాడించింది.

“ఇప్పుడు బాగుంది, అచ్చం పాతదే. మరి మూడు వారాలు ఏం వెలగబెట్టావురా?”